కొమ్ము ఎరువును మన పందిళ్ళ కింద పరీక్షించి చూడాలి

సంపాదకులకు,

అయ్యా,

ఇటీవల మీ పత్రిక సేద్యం పేజీలో బయోడైనమిక్ వ్యవసాయం (కొమ్ము ఎరువు వంటి ప్రత్యేక మందులు వాడుతూ, చంద్రగతిని కూడా చూసి చేసే ఒక రకం సేంద్రియ సేద్యం) గురించి వచ్చిన వ్యాసాన్ని, దానిపై తరువాతి వారాల్లో పాఠకులు రాసిన లేఖలను శ్రద్ధగా చదివాను. ఆవు కొమ్ములో పేడ నింపి పాతిపెట్టి, ఆ ఎరువును నీళ్ళలో కలిపి చల్లితే తోటకు తెగులే సోకదని కొందరు, అదంతా మూఢనమ్మకమని మరికొందరు రాశారు. అలాంటి తోటలో ఒక పంటకాలమంతా గడిపి రాసినవారు మాత్రం ఆ లేఖల్లో నాకు కనిపించలేదు. మేడ్చల్ ప్రాంతంలో 26 ఏళ్ళపాటు ద్రాక్ష పండించి, బోర్లు అడుగంటి, చుట్టూ ఇళ్ళ స్థలాలు వెలిశాక పందిరి రాళ్ళు పీకి అమ్ముకున్న రైతును నేను. నిరుడు అమెరికాలో మా అబ్బాయి దగ్గర ఉన్న ఆరు నెలలూ అక్కడి ఒక బయోడైనమిక్ ద్రాక్ష తోటకు వెళ్ళివచ్చే అవకాశం కలిగింది. మార్చి చివర చిగురు పగిలే వేళకు వెళ్ళి, సెప్టెంబరు నాలుగో వారంలో, కోత సగానికి వచ్చాక తిరిగివచ్చాను. చూసింది చూసినట్టు చెప్పి, చివర ఒక విన్నపం చేయాలని ఈ లేఖ రాస్తున్నాను.

మా అబ్బాయి ఉండేది కాలిఫోర్నియాలోని శాంటా రోసాలో. అక్కడికి గంటకు పైగా ఉత్తరాన, మెండొసినో కౌంటీలోని యుకాయా పట్టణం దగ్గర ఆ తోట ఉంది. ఆ ప్రాంతానికి ఈ సేద్యం కొత్త కాదు. అమెరికాలో మొట్టమొదట, 1996లో, బయోడైనమిక్ ధ్రువీకరణ పొందిన వైన్ తయారీ కుటుంబం ఫ్రే వారిది ఆ కౌంటీలోని రెడ్‌వుడ్ వ్యాలీయే. నేను వెళ్ళిన తోట వేరు, చాలా చిన్నది. అక్కడివారు తమ పేరు పత్రికలో రావడాన్ని కోరుకోలేదు కనుక రాయడం లేదు. శని ఆదివారాల్లో మా అబ్బాయి దింపి వెళ్ళేవాడు. కోత రోజుల్లో వారం పైగా వాళ్ళింట్లోనే ఉన్నాను. నేను మద్యం ముట్టనివాడిని కనుక వైన్ రుచి గురించి చెప్పగలిగింది ఏమీ లేదు. తీగ గురించి, నేల గురించి, పని గురించి మాత్రమే చెబుతాను.

వెళ్ళిన మొదటి రోజే తోట యజమానురాలు, అరవై దాటిన ఆమె, నన్ను ఒక ప్రశ్న అడిగింది. మీ దేశంలో ద్రాక్ష తీగ ఏ నెలలో నిద్రపోతుంది అని. నిద్రపోదమ్మా, మేమే నిద్రపోనివ్వం అని చెప్పాను. ఆమెకు అర్థమయ్యేలా చెప్పడానికి చాలాసేపు పట్టింది. అక్కడ చలికాలంలో ఆకంతా రాలి, తీగ మోడై, నాలుగు నెలలు పడుకుంటుంది. ఆ నిద్రలో ఉండగానే ఒక్కసారి కత్తిరిస్తారు. మనకు ఆ చలి లేదు. ఏప్రిల్‌లో ఒకసారి కొమ్మ కోసం, అక్టోబరులో మరోసారి పంట కోసం కత్తిరిస్తాం. అక్టోబరు కత్తిరింపు తరువాత కొమ్మ మీది చిగురు కళ్ళన్నీ ఒకేసారి పగలాలని హైడ్రోజన్ సైనమైడ్ పూస్తాం. ఆ మందు పూసిన ఆడవాళ్ళ చేతులు పొక్కులెక్కడం నా తోటలోనే చూశాను. చేతికి తొడుగులు ఇవ్వాలన్న బుద్ధి నాకు చాలా ఏళ్ళ తరువాత గాని పుట్టలేదు. ఆ తప్పు నాదే. అక్కడ ఏ మందూ పూయకుండానే, మార్చి ఎండ తగలగానే, వరుస మొత్తం నాలుగైదు రోజుల తేడాతో కళ్ళు తెరవడం చూస్తూ ఉంటే ఆ చేతులే గుర్తుకు వచ్చాయి.

ఏప్రిల్ మొదటి వారంలో కొమ్ములు తవ్వి తీశారు. ఈ పద్ధతికి మూలమైన తత్వవేత్త రుడాల్ఫ్ స్టైనర్ 1924 జూన్‌లో, అప్పటి జర్మనీలోని కోబర్విట్జ్ అనే ఊరి ఎస్టేటులో ఎనిమిది ఉపన్యాసాలు ఇచ్చాడు. ఆ ఊరు ఇప్పుడు పోలండ్‌లో ఉంది. తరువాతి ఏడాది మార్చిలోనే ఆయన చనిపోయాడు. ఆయన చెప్పిన ప్రకారం ఈనిన ఆవు కొమ్ములో తాజా పేడ కూరి, శరదృతువులో పాతి, చలికాలమంతా భూమిలో ఉంచి, వసంతంలో తీస్తారు. తీసిన ఎరువు నల్లగా, పొడిపొడిగా ఉంది. పేడ వాసన పూర్తిగా పోయి తొలకరికి తడిసిన మట్టి వాసన వచ్చింది. హెక్టారుకు సుమారు 100 గ్రాములు చాలు. దాన్ని ముప్ఫై నలభై లీటర్ల నీళ్ళలో వేసి, పీపాలో నడుమ లోతైన సుడి పడేలా ఒక వైపు తిప్పి, ఆ సుడిని చెదరగొట్టి రెండో వైపు తిప్పుతూ, సరిగ్గా గంటసేపు కలుపుతారు. ఆ పైన సాయంత్రం పూట, చేతిలో చీపురులాంటి బ్రష్షు పట్టుకుని, బకెట్లో ముంచి, వరుస వరుసకూ నడుస్తూ నేల మీద పెద్ద చినుకులుగా చల్లుతారు. కొమ్ములో వేసవంతా పాతిన పలుగురాతి పొడిని హెక్టారుకు నాలుగు గ్రాముల చొప్పున నీళ్ళలో ఇలాగే తిప్పి, తెల్లవారుజామున ఆకుల మీద మంచులా పడేటట్టు చల్లడం వేరే పని.

ఎకరాలకు ఎకరాలు ఇలా చేతితో చల్లుకుంటూ నడవడం చూసి మొదట నాకు కూలి లెక్క గుర్తుకొచ్చింది. రెండోసారి ఆమె వెనకే నేనూ నడిచాను. ఆ నడకలో ఆమె మూడు చోట్ల ఆగింది: డ్రిప్ గొట్టం చుక్క కారని చోట ఒకటి, గోఫర్ అనే నేల ఎలుక కొత్తగా తోడిన మట్టి దగ్గర ఒకటి, నాలుగు తీగల్లో లేతాకు పాలిపోయి కనిపించిన చోట ఒకటి. మూడింటినీ జేబులోని పుస్తకంలో రాసుకుంది. మా రోజుల్లో మేము ట్రాక్టరు స్ప్రేయరు మీద కూర్చుని పందిరి కిందుగా పోతూ ఉంటే కనపడని సంగతులు ఇవి. ఆ 100 గ్రాముల ఎరువు నేలకు ఎంత మేలు చేసిందో నేను చెప్పలేను. సంవత్సరంలో ఇన్నిసార్లు తోటలోని ప్రతి తీగ పక్కన నడవక తప్పని కట్టుబాటు ఆ ఎరువు వల్ల ఏర్పడిందని మాత్రం కళ్ళారా చూశాను.

ఆ నెలలోనే మంచు దెబ్బ భయం వచ్చింది. లేత చిగురు మీద ఒక్క రాత్రి మంచు గడ్డకడితే ఆ ఏటి పంట మాడిపోతుంది. చలికాలమంతా వరుసల మధ్య చిక్కుడు జాతి పైర్లు, బార్లీ, ఆవ కలిపి చల్లి పెంచిన పచ్చిరొట్టను అప్పటికి నేలమట్టంగా కోసివేశారు. పగటి ఎండ నేలను తాకి, రాత్రి ఆ వేడి పైకి రావాలని. సాయంత్రం వలేరియన్ అనే పూల రసం నీళ్ళలో కలిపి చిగుళ్ళ మీద చల్లారు. ఇది బయోడైనమిక్ పద్ధతిలోని మందు. తెల్లవారుజామున రెండు గంటలకు వేడి పడిపోగానే పై నుంచి నీళ్ళు చల్లే స్ప్రింక్లర్లను కూడా తిప్పారు. నీరు గడ్డకట్టేటప్పుడు వదిలే వేడి చిగురును కాపాడుతుందని అక్కడి రైతులందరికీ తెలిసిన విద్య అది. ఉదయానికి చిగుళ్ళు క్షేమంగా ఉన్నాయి. కాపాడింది పూల రసమా, నీళ్ళా, కోసిన గడ్డా అని అడిగితే ఆమె తనకూ తెలియదని నిజాయితీగా ఒప్పుకుంది. తెలుసుకోవడానికి పంటను పణం పెట్టే స్తోమత తనకు లేదని చెప్పింది. ఆ మాట నా మనసులో నిలిచిపోయింది, ఈ లేఖకు మూలం కూడా అదే.

మందులు చల్లకుండా తోట పండుతుందని రాసిన పాఠకులు ఒక సంగతి గమనించాలి. ఆ తోటలో గంధకం చల్లుతారు. మే నెల నుంచి కాయ రంగు తిరిగేవరకూ బూడిద తెగులు రాకుండా పది పన్నెండు రోజులకొకసారి చల్లారు. ఏ రోజు చల్లాలో చంద్రుణ్ణి చూసి నిర్ణయించలేదు. వరుసగా ఆరు గంటలు 21 నుంచి 30 డిగ్రీల మధ్య వేడి ఉంటే ఆ తెగులు వేగంగా పెరుగుతుందని కాలిఫోర్నియాలోని డేవిస్ విశ్వవిద్యాలయంవారు తయారు చేసిన లెక్క ఒకటి ఉంది, తోటలోని ఉష్ణమాపకాన్ని చూసి ఆ లెక్క ప్రకారం చల్లారు. నాటే పనికి, కోతకు మాత్రం మరియా తూన్ అనే జర్మన్ మహిళ చంద్రగతిని బట్టి రూపొందించిన సేద్యపు పంచాంగం చూస్తారు. అందులో చంద్రుడు మేష, సింహ, ధనూ రాశుల్లో ఉన్న రోజులు ఫల దినాలు. మన పంచాంగం తెలిసినవారికి ఇది కొత్తగా అనిపించదు. అయితే మన కార్తెలు సూర్యుని బట్టి ఏర్పడినవి. మృగశిరకు తొలకరి, రోహిణిలో రోళ్ళు పగిలే ఎండ అని మనవాళ్ళు అన్నది ఏటా అదే రోజులకు వచ్చే రుతువును చూసి. చంద్రుడు సుమారు రెండుంపావు రోజులకొక రాశి మారడానికీ గుత్తిలో తీపి చేరడానికీ అంతటి సంబంధం ఉందని నాకు ఎవరూ చూపలేదు. పంచాంగం చూసే ఇంట పుట్టినవాడినే అయినా ఈ రెండింటినీ ఒకటిగా చెప్పడానికి నాకు మనసు ఒప్పలేదు.

నాకు అన్నిటికంటే నచ్చినది తోట అంచున ఉన్న చెట్ల వరుస. అక్కడ ఆకుల రసం పీల్చే పచ్చదోమ జాతి పురుగు ఒకటి ద్రాక్షకు పెద్ద బెడద. దాని గుడ్లలో తన గుడ్లు పెట్టి చంపే కందిరీగ జాతి ప్రాణి ఉంది, కంటికి ఆనదు. ఆ కందిరీగకు చలికాలం గడపడానికి చోటు కావాలి, ఎందుకంటే అప్పుడు ద్రాక్ష తీగకు ఆకూ ఉండదు, ఆ పురుగు గుడ్లూ ఉండవు. ఎండబెట్టి తినే ప్లమ్ రకం చెట్లమీద మరో జాతి దోమ చలికాలంలో గుడ్ల రూపంలో ఉంటుంది. కందిరీగ ఆ గుడ్లలో తలదాచుకుని, వసంతంలో ద్రాక్ష మీదికి వస్తుంది. అందుకని తోటకు గాలి వచ్చే వైపున ఆ చెట్లు నాటారు. అమెరికాలో డిమీటర్ అనే ధ్రువీకరణ సంస్థ నియమం ప్రకారం పొలంలో పదో వంతు నేలను పంట వేయకుండా చెట్టూ పుట్టా పెరగడానికి వదలాలి. ఈ నియమాన్ని విన్నప్పుడు, పందిరి మీద నీడ పడుతుందని గట్ల మీది వేప చెట్లన్నీ నేను కొట్టించిన సంగతి గుర్తుకొచ్చి బాధపడ్డాను. ఎలుకలను పట్టే గుడ్లగూబల కోసం స్తంభాల మీద చెక్క గూళ్ళు కట్టారు. చలికాలంలో గొర్రెలు వరుసల్లో మేసి, చిగురు వచ్చేలోగా వెళ్ళిపోతాయట.

జూన్‌లో పూత, పిందె. పిందె పడ్డాక ఉదయపు ఎండ తగిలే వైపున గుత్తుల చుట్టూ ఆకులు చేతితో తీశారు, మధ్యాహ్నపు ఎండ వైపు ఆకులు ముట్టలేదు. జూలై చివర కాయ రంగు తిరగడం మొదలైంది. అప్పుడు వెనకబడిన పచ్చి గుత్తులను కత్తిరించి నేల మీద పడేస్తూ ఉంటే నాకు కడుపు తరుక్కుపోయింది. ఎకరాకు పది టన్నులు తీస్తేనే అప్పులు తీరే సేద్యం మాది, వాళ్ళది ఎకరాకు మూడు టన్నులు. తీగ మోయగలిగినంతే ఉంచితే మిగిలినదానికి రుచి వస్తుందని, ఆ రుచికి సీసా మీద ధర వస్తుందని వాళ్ళ లెక్క. మా రోజుల్లో కొత్తపేట పండ్ల మార్కెట్లో కిలో లెక్కన వేలం వేసిన పండుకు ఆ లెక్క కుదరదు. బయోడైనమిక్ తోటల లాభాల గురించి మన పత్రికల్లో రాసేవారు ఈ తేడాను తప్పక చెప్పాలి.

కోత సెప్టెంబరు మొదటి వారంలో తెల్ల ద్రాక్షతో మొదలైంది. అంతకు పదిహేను రోజుల ముందు నుంచీ ఆమె రోజూ ఉదయం వేర్వేరు వరుసల నుంచి నూరు పండ్లు కోసి, నలిపి, రసం బ్రిక్స్ (తీపి కొలత) చూసి, పండులోని విత్తనాన్ని నమిలి చూసేది. విత్తనం పచ్చగా చేదుగా ఉంటే ఇంకా ఆగాలి, గోధుమ రంగు తిరిగి కరకరలాడితే కోయవచ్చు. మేము తినే ద్రాక్షను 18 బ్రిక్స్‌కు కోసేవాళ్ళం. అక్కడ నల్లరకాన్ని 24 దాటాక కోశారు. తెల్లవారుజామున మూడు గంటలకు నెత్తికి దీపాలు కట్టుకుని కూలీలు దిగారు, ఎక్కువమంది మెక్సికో నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు. ఎండెక్కకముందే, పండు చల్లగా ఉండగానే తెమలాలి. వంకీ కత్తితో గుత్తి తొడిమ తెంపి, తొట్టిలో వేసి, ట్రాక్టరు వెనకాల ఉన్న అర టన్ను పెట్టెలోకి పరుగున తెచ్చి పోస్తారు. పెట్టె దగ్గర నిలబడి ఆకులూ, కుళ్ళిన పండ్లూ ఏరే పని నాకు అప్పగించారు. చాలా ఏళ్ళ తరువాత చేతులకు ద్రాక్ష జిగురు అంటుకుంది. ఏడున్నరకు అందరం కలిసి వాళ్ళు తెచ్చిన జొన్నరొట్టె లాంటి మొక్కజొన్న రొట్టెలు తిన్నాం.

రసం తీశాక మిగిలిన తొక్కలు, తొడిమలు తోట దాటి పోవు. ఆవు పేడతో, గడ్డితో కలిపి వాములా పేర్చి, అందులో చామంతి జాతి పూలు, దురదగొండి లాంటి ఒక ఆకు, ఓక్ చెట్టు బెరడు వంటి వాటితో చేసిన మందులు చెంచాడేసి పెట్టి, ఏడాది మగ్గనిస్తారు. చలికాలంలో కత్తిరించిన కొమ్మలను కూడా ముక్కలు చేసి వరుసల్లోనే పరుస్తారు. 26 ఏళ్ళలో 52 కత్తిరింపుల కొమ్మలను నేను గట్టు మీద కుప్పవేసి తగలబెట్టాను. నల్లరకంలో సగం కోత అయ్యాక, కొమ్ములు మళ్ళీ పాతే రోజు చూడకుండానే, నా గడువు ముగిసి తిరిగివచ్చాను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ పద్ధతిలో ఏది పని చేస్తోంది? యుకాయా దగ్గరే మెర్లో అనే నల్లరకం ద్రాక్ష తోటలో 1996 నుంచి ఆరేళ్ళకు పైగా పక్కపక్క మడుల్లో పరీక్ష జరిగింది. రెండు వైపులా సేంద్రియ సేద్యమే, ఒక వైపు మాత్రమే కొమ్ము ఎరువు తదితర మందులు అదనం. నేల నాణ్యతలో, దిగుబడిలో తేడా కనిపించలేదు. 2003 పంటలో మాత్రం మందులు వాడిన వైపు పండులో చక్కెర, రంగునిచ్చే పదార్థాలు కొంత ఎక్కువ వచ్చాయి. జర్మనీలోని గైజెన్‌హైమ్‌లో 2006 నుంచి రైస్లింగ్ ద్రాక్ష మీద జరుగుతున్న పరీక్షలో సేంద్రియ, బయోడైనమిక్ మడులు రెండింటిలోనూ రసాయన మడుల కంటే దిగుబడి తగ్గింది, ఆ రెంటి మధ్య మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. స్విట్జర్లాండులో 1978 నుంచి గోధుమ, బంగాళదుంప వంటి పైర్ల మీద నడుస్తున్న పరీక్షలో మొదటి 21 ఏళ్ళ ఫలితాలను 2002లో ప్రకటించారు. బయోడైనమిక్ సహా సేంద్రియ పద్ధతుల్లో దిగుబడి ఐదో వంతు తగ్గినా, ఎరువుల వాడకం 34 నుంచి 53 శాతం, పురుగుమందుల వాడకం 97 శాతం తగ్గాయి. వీటిని బట్టి నాకు తోచేది ఏమిటంటే, మేలులో పెద్ద వాటా కంపోస్టుది, పచ్చిరొట్టది, వదిలిన చెట్లది. కొమ్ము ఎరువు వాటా ఉంటే అది చిన్నది.

మన దగ్గర ఇబ్బంది ఇక్కడే వస్తోంది. కంపోస్టుకు ఏడాది పడుతుంది, పచ్చిరొట్టకు నీళ్ళు కావాలి, చెట్లకు జాగా కావాలి. కొమ్ము ఎరువు డబ్బాలో దొరుకుతుంది. గత రెండేళ్ళలో మా ప్రాంతానికి వచ్చిన అమ్మకందార్లు ఆ డబ్బా ఒక్కటే చూపి, మిగతా మందులన్నీ మానేయమని చెప్పడం నేను విన్నాను. వాళ్ళ మాట విని ఒక రైతు అక్టోబరు కత్తిరింపు తరువాత రాగి ఉండే బోర్డో మిశ్రమం మానేశాడు. వెనకవానలకు బూజు తెగులు (పైన చెప్పిన బూడిద తెగులు కాదు, వాన తడికి వచ్చే వేరే తెగులు) పట్టి పూగుత్తులు రాలిపోయాయి. కాలిఫోర్నియాలో మే నుంచి అక్టోబరు దాకా దాదాపుగా చినుకు పడదు, కనుక అక్కడ ఈ బూజు తెగులు బెడదే లేదు. గంధకంతో గడిచిపోతుంది. గంధకం మన బూజు తెగులును ఆపలేదు, రాగి కావాలి. ఐరోపాలో వానలు పడే చోట బయోడైనమిక్ రైతులు కూడా రాగి వాడుతున్నారు. ఐరోపా సమాఖ్య ఏడేళ్ళలో హెక్టారుకు 28 కిలోలు మించరాదంటే, డిమీటర్ వారు ఏడాదికి సగటున మూడు కిలోలకే పరిమితం చేశారు. నేలలో రాగి పేరుకుపోతుంది కనుక ఆ హద్దు అవసరం. మన రైతులకు చెప్పవలసిన సంగతి ఇదీ.

ఈ సేద్యం మన నేలకు పరాయిదేమీ కాదు. అరకు లోయ గిరిజన కాఫీ రైతులు బయోడైనమిక్ కంపోస్టుతో పండించిన కాఫీ పారిస్ దాకా వెళ్ళింది. అయితే కాఫీ నీడలో పెరిగే చెట్టు, ద్రాక్ష ఏడాదికి రెండుసార్లు కత్తెర పడే తీగ. ఒకదాని ఫలితాన్ని రెండోదానికి అంటగట్టలేం. స్టైనర్ సైతం తన మాటలను రైతులు ముందు పొలాల్లో పరీక్షించి చూడాలనే కోరాడు, అందుకోసం ఆ ఉపన్యాసాల సమయంలోనే రైతుల ప్రయోగ బృందం ఒకటి ఏర్పడింది.

కనుక రాజేంద్రనగర్‌లోని ద్రాక్ష పరిశోధన కేంద్రంవారికి, ఉద్యాన విశ్వవిద్యాలయంవారికి మీ పత్రిక ద్వారా నా విన్నపం. ఒకే రకం తీగను ఒకే వేరుమూలం (అంటు కట్టే అడుగు మొక్క) మీద పెంచిన తోటలో మూడు మడులు పక్కపక్కన పెట్టండి. ఒకటి ఇప్పటి రైతు పద్ధతి, రెండోది కంపోస్టు, పచ్చిరొట్ట, హద్దులో రాగి, మూడోది రెండోదానితోపాటు కొమ్ము ఎరువు, తక్కిన మందులు. కనీసం ఆరేడు పంటలు చూడండి. దిగుబడి, బ్రిక్స్, తెగులు శాతం, నేలలోని సేంద్రియ కర్బనంతోపాటు కూలి రోజులనూ, ఖర్చునూ కూడా లెక్కకట్టి, తెలుగులో ప్రకటించండి. అప్పటిదాకా డబ్బా అమ్మేవారి మాటలను వార్తగా వేయవద్దని సంపాదకులను కోరుతున్నాను.

మా తమ్ముడి కొడుక్కి శామీర్‌పేట అవతల రెండెకరాల థాంప్సన్ రకం ద్రాక్ష పందిరి ఇంకా మిగిలి ఉంది. అందులో ఎకరం పరీక్షకు ఇవ్వడానికి అతను ఒప్పుకున్నాడు. రోజూ వెళ్ళి చూసి, పుస్తకంలో రాసే పని నేను చేస్తాను. పచ్చిరొట్ట విత్తనాలు తొలకరికే చల్లుకోవాలి కనుక, అక్టోబరు కత్తిరింపు దాకా ఆగకుండా, మృగశిర కార్తెలోగా అధికారులు ఒకసారి వచ్చి నేల చూస్తే బాగుంటుంది.

భవదీయుడు,
ఒక మాజీ ద్రాక్ష రైతు,
మేడ్చల్ జిల్లా